పేపరు చదువుకు పోయే బిడ్డకు ఖాయమైన కాలేజీ ఏది?

(గోదావరిఖనిలో బస్తీ జనం, విద్యార్థులు, కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చిన కార్మిక సోదరులారా! చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సు పట్టుకొని వచ్చిన తల్లులారా! 

ఇయ్యాల మనం ఒకే ఒక్క ముచ్చట మాట్లాడుకుందాం. మన వాడల్లో ఇంటరు, డిగ్రీ చదివే పిల్లల్లో కొందరు "మేం జర్నలిజం చదువుతం, పేపర్ల పని చేస్తం, టీవీల పని చేస్తం" అంటున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు మా దగ్గరికి వచ్చి రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. మొదటిది: అది మనసొంటోళ్ళకు అక్కరకొచ్చే చదువేనా? రెండోది: ఏ కాలేజీల వెయ్యాలె, ఎంత ఖర్చయితది, కోరిన సీటు దొరకకపోతే పిల్ల గతేంది? మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. రెండో ప్రశ్నకు జవాబు పెద్దది. అందుకే ఈ సభ.

కలం ఎవరి చేతిల ఉన్నది?

1920 జనవరి 31న బాబాసాహెబ్ అంబేద్కర్ మరాఠీలో "మూక్‌నాయక్" పక్షపత్రిక మొదలుపెట్టారు. మూగవాళ్ళ నాయకుడు అని దాని అర్థం. ఆ పత్రిక వస్తున్నదని ఒక ప్రకటన వెయ్యమని, డబ్బులు కూడా కడతామని అడిగితే తిలక్ పెట్టిన "కేసరి" ఒప్పుకోలేదు. పైసలిచ్చినా మన మాటకు జాగా లేదన్నమాట. ఆయన ఆగలేదు. 1927లో "బహిష్కృత భారత్", 1930లో "జనత", 1956లో "ప్రబుద్ధ భారత్" నడిపారు. ఇక్కడ హైదరాబాద్ రాజ్యంలో భాగ్యరెడ్డివర్మ 1931లో "భాగ్యనగర్" పత్రిక పెట్టారు. 1985లో కారంచేడు జరిగిన తర్వాత మన నోరు మనమే తెరవాలని "నలుపు" లాంటి పత్రికలు వచ్చాయి. ఉద్యమం లేచిన ప్రతిసారీ ముందు కావలసివచ్చింది సొంత పత్రిక. ఎందుకంటే ఉన్న పత్రికలు మనవి కావు.

ఇది మేం కోపంతో అంటున్న మాట కాదు, లెక్కలు చెప్పిన మాట. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టు ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేకరుల్లో ఒక్క దళితుడైనా ఉన్నాడా అని వెతికి, ఒక్కరూ దొరకలేదని "పయనీర్" పత్రికలో రాశాడు. పదేండ్ల తర్వాత, 2006లో, ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లీషు మీడియా సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మంది కులాలను సర్వే చేశారు. అందులో ఎస్సీ, ఎస్టీ ఒక్కరు లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్క తీస్తే 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాల కింద ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటి కూడా లేదు. ఇరవై మూడేండ్లలో ప్రధానమంత్రులు మారారు, పేపర్లకు రంగులు వచ్చాయి, టీవీలు వచ్చాయి, ఫోన్లలోకి వార్తలు వచ్చాయి. పెద్ద కుర్చీల లెక్క మాత్రం మారలేదు.

మన బొగ్గు ప్రాంతం సంగతే చూడండి. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు దూకి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడు అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఇసొంటి ప్రమాదం జరిగితే ఎంతమంది పోయారు, నష్టపరిహారం ఎంత, ఏ మంత్రి వచ్చిండు అన్నది రెండు రోజులు పేపర్ల వస్తది. ఆరు నెలల తర్వాత విచారణ ఏమైంది, పోయినోని భార్యకు ఏం దక్కింది, ఓపెన్‌కాస్టు బ్లాస్టింగులకు పగిలిన ఇండ్లు ఎవరి వాడల ఉన్నాయి, కాంట్రాక్టు కార్మికునికి పీఎఫ్ జమ అవుతున్నదా లేదా అన్నది వెంటపడి రాసేటోళ్ళు ఎంతమంది? పైకప్పు కూలుడు అంటే ఏందో, డీపిల్లరింగ్ అంటే ఏందో, నాగా పడితే ఇంట్ల ఏమైతదో మన పిల్లలకు పుట్టుకతోనే తెలుసు. ఆ తెలివికి చదువు తోడైతే వచ్చే విలేకరి ఎట్లుంటడో ఆలోచించండి. కాబట్టి మొదటి ప్రశ్నకు మా జవాబు: అక్కరకొచ్చే చదువే. బాయి పనులు కూడా ఇదివరకటి లెక్క లేవు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లోకి వచ్చారు. తండ్రి నౌకరి మీదనే ఆశ పెట్టుకొని కూర్చుంటే కాదు.

పిల్లలు పడే మూడు గుంతలు

ఇక అసలు సంగతి. జర్నలిజం చదవాలన్న పిల్లలు మా కండ్ల ముందు మూడు గుంతల్లో పడుతున్నారు.

మొదటి గుంత, ఒకే కాలేజీ మీద ఆశ. సెంట్రల్ యూనివర్సిటీ అయితేనే పోత, లేకపోతే ఏదీ వద్దు అనుకుంటారు. ఆ ఒక్క ప్రవేశపరీక్ష రాస్తారు. ర్యాంకు రాకపోతే అప్పటికి మిగిలిన దరఖాస్తుల తేదీలన్నీ దాటిపోతాయి. ఏడాది ఇంట్లనే. ఆడపిల్ల అయితే ఆ ఏడాదిలోనే పెండ్లి సంబంధం వస్తది. మళ్ళీ కాలేజీ మెట్లు ఎక్కదు.

రెండో గుంత, అప్పు చేసి కట్టే కాలేజీ. హైదరాబాద్‌ల పెద్ద బోర్డు, స్టూడియో ఫొటోలు, "వంద శాతం ఉద్యోగం" అని కరపత్రం. మొదటి ఏడాది ఫీజు ఎట్లనో కడతారు. రెండో ఏడాది కట్టలేరు. మధ్యల చదువు ఆగిపోతది, సర్టిఫికెట్లు కాలేజీల చిక్కుకుంటాయి, అప్పు ఇంట్ల మిగులుతది.

మూడో గుంత, ఐడీ కార్డు. "చదువెందుకు, ఇన్ని వేలు డిపాజిట్ కట్టు, రేపే విలేకరివైతవు" అంటారు. జీతం ఉండదు. యాడ్లు తెస్తే కమీషన్ వస్తది. యాడ్ ఎవరిస్తరు? కాంట్రాక్టరు ఇస్తడు, లీడరు ఇస్తడు. వాళ్ళ మీద వార్త రాసే తోవ మొదటి రోజే మూసుకుపోతది. మన పోరడు కలం పట్టుకున్నట్టు కనిపిస్తడు గని, కలం వాళ్ళ జేబులనే ఉంటది.

ఆధారం పెట్టినంకనే బొగ్గు

బాయిల పని చేసేటోళ్ళకు మేం చెప్పే పని లేదు. కొత్త జాగల అడుగు పెట్టే ముందు మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పు తట్టి చూస్తడు. గట్టి శబ్దం వస్తే సరే. డొల్ల శబ్దం వస్తే ఎవరినీ కిందికి రానియ్యడు. టింబర్ పెట్టి, బోల్టులు కొట్టి, ఆధారం చేసినంకనే బొగ్గు మీద చెయ్యి వేస్తారు. టింబర్ పెట్టినోడు పిరికోడు అని ఎవరన్నా అంటారా? వాడే ఎక్కువ లోపలికి పోతడు, తిరిగి ఇంటికి వస్తడు.

కాలేజీ ఎంపిక కూడా అట్లనే చెయ్యాలె. పెద్ద ఆశ పెట్టుకోండి. కానీ దాని కింద ఆధారంగా ఒక ఖాయమైన కాలేజీ ముందే పెట్టుకోండి. ఖాయమైన కాలేజీ అంటే మూడు పరీక్షలకు నిలబడేది.

ఒకటి, సీటు ఖాయం. బిడ్డకు ఇప్పుడున్న మార్కులతో అక్కడ సీటు దొరకడంల అనుమానం ఉండొద్దు. అదృష్టం కలిసొస్తే దొరుకుతది అనే కాలేజీ ఖాయమైంది కాదు.

రెండు, డబ్బు ఖాయం. స్కాలర్‌షిప్ ఆలస్యమైనా, ఇంట్ల ఒక నెల జీతం రాకపోయినా చదువు ఆగొద్దు. ఫీజు తక్కువ ఉంటే సరిపోదు. ఉండే చోటు, తిండి, దారి ఖర్చు అన్నీ కలిపి మోయగలగాలె.

మూడు, మనిషి క్షేమం. కులం పేరు మీద, ఆడపిల్ల అని, తెలుగు మీడియం అని బిడ్డను కుంగదీసే చోటు కావొద్దు. కుంగదీస్తే అడిగే దిక్కు అక్కడ ఉండాలె.

దరఖాస్తులు మూడు వరుసల్లో రాసుకోండి. పై వరుసలో ఆశ పెట్టుకున్న కాలేజీలు. నడుమ వరుసలో కష్టపడితే అందేవి. కింది వరుసలో ఖాయమైనవి, కనీసం రెండు. మా అనుభవంలో ముందు నింపవలసింది కింది వరుస. చాలామంది దాన్ని చివరకు రాస్తారు, లేకపోతే రాయనే రాయరు.

డిగ్రీ ఇంటి దగ్గరే అయితే తప్పేంది?

చాలామందికి తెలవని ముచ్చట ఒకటి చెప్తున్నాం. జర్నలిజం పీజీకి పోవాలంటే డిగ్రీలో జర్నలిజమే చదవాలన్న నిబంధన సాధారణంగా లేదు. ఏ డిగ్రీ పాసైనా ప్రవేశపరీక్ష రాయొచ్చు. బీఏ చదివినోళ్ళు రాస్తారు, బీకాం వాళ్ళు రాస్తారు, బీఎస్సీ వాళ్ళు కూడా రాస్తారు. అసొంటప్పుడు మూడేండ్ల జర్నలిజం డిగ్రీ కోసం పొలం అమ్మి ప్రైవేటు కాలేజీకి లక్షలు పొయ్యడం ఎందుకు?

గోదావరిఖనిలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉన్నది. శాతవాహన యూనివర్సిటీ కింద నడుస్తది. చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, తెలుగు, ఈ తీరు సబ్జెక్టులతో బీఏ చదివితే రేపటి విలేకరికి అంతకన్నా గట్టి పునాది లేదు. బడ్జెట్ అంటే ఏందో తెలవనోడు సింగరేణి లాభాల వాటా మీద వార్త రాయలేడు. రాజ్యాంగం చదవనోడు అట్రాసిటీ కేసు మీద సరిగ్గా రాయలేడు. కాలేజీ పేరులో జర్నలిజం లేకపోయినా బుర్రలోకి జర్నలిజం సరుకు ఎక్కాలె.

2016 నుంచి డిగ్రీ సీట్లు ఎక్కువగా "దోస్త్" అనే ఆన్‌లైన్ పద్ధతిలో నింపుతున్నారు. వెబ్ ఆప్షన్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు. పై నుంచి కిందికి మీరు రాసిన వరుసలోనే చూస్తారు కాబట్టి కింద ఖాయమైన కాలేజీ రాసినంత మాత్రాన పై కాలేజీలో మీ అవకాశం తగ్గదు. ఈ సంగతి తెలవక ఒకటి రెండు ఆప్షన్లు పెట్టి, ఏ సీటూ రాక వాపస్ వచ్చిన పిల్లలు ఉన్నారు. ఇంకో మాట. ఆప్షన్లు నెట్ సెంటరోనికి అప్పజెప్పకండి. కమీషన్ ఇచ్చే ప్రైవేటు కాలేజీని మొదట రాసేటోళ్ళు కూడా ఉంటారు. బిడ్డ తన చేతితో తానే రాయాలె.

ఆడపిల్లలకు 2016లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. ఉండుడు, తిండి, చదువు సర్కారు చూసుకుంటది. వాటి నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో కనిపెట్టుకొని ఉండాలె. డిగ్రీలోనే జర్నలిజం చదవాలని గట్టిగా ఉన్న ఆడపిల్లలకు హైదరాబాద్‌లో కోఠి మహిళా కాలేజీ ఉన్నది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం అయింది. అక్కడ బీఏలో మాస్ కమ్యూనికేషన్ ఒక సబ్జెక్టు. అది పై వరుసలో రాసుకోదగ్గదే. ప్రైవేటు కాలేజీ ఫీజు తోటి పోల్చుకోవలసిన పని లేదు.

డిగ్రీ చదివే మూడేండ్లు ఖాళీగా గడపొద్దు. రోజూ ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు లైబ్రరీలో చదవండి. పీజీ ప్రవేశాల్లో ఇంగ్లీషు పెద్ద గోడ. కేంద్ర యూనివర్సిటీలకు రాసే సీయూఈటీలో జర్నలిజం పేపరు ఇంగ్లీషు, హిందీ భాషల్లో ఉంటది, తెలుగులో ఉండదు. తెలుగు మీడియం బిడ్డ ఆ గోడ ఎక్కాలంటే మూడేండ్లు పడతది. మూడు నెలల కోచింగ్‌తో కాదు.

పీజీకి ఎటు పోవాలె?

ఇప్పుడు మూడు వరుసల్లో పేర్లు చెప్తాం. రాసుకోండి.

పై వరుస. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తార్నాక దగ్గరి ఇఫ్లూ. రెండింటిలో పీజీ స్థాయిలో ఈ చదువు ఉన్నది. ఢిల్లీలో ఐఐఎంసీ ఉన్నది, 2024లో దానికి డీమ్డ్ యూనివర్సిటీ హోదా ఇచ్చారు. మన రామగుండం స్టేషన్ల ఎక్కితే ఢిల్లీకి బండి ఉన్నది, దూరం చూసి భయపడే పని లేదు. భయపడవలసింది ఖర్చుకు. అక్కడ ఫీజులు ఎక్కువని 2019 డిసెంబరులో విద్యార్థులే ధర్నాకు కూర్చున్నారు. చెన్నైలో ఏసియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉన్నది. పేరు పెద్దది, ఫీజు కూడా లక్షల్లో ఉంటది. స్కాలర్‌షిప్ చేతికి ఖాయంగా రాకుండా అక్కడికి అప్పు చేసి పోవద్దు. వస్తే మాత్రం వదులుకోవద్దు. ఉర్దూ చదువుకున్న ముస్లిం పిల్లలకు గచ్చిబౌలిలోనే మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉన్నది.

నడుమ వరుస. ఉస్మానియా యూనివర్సిటీలో 1954లోనే జర్నలిజం చదువు మొదలైంది, దేశంలో పాతవాటిలో ఒకటి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ ఉన్నది. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లకు సీపీగెట్ అనే ఒకే పరీక్ష. తెలుగులో బాగా రాసే పిల్లలకు తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నది. పొట్టి శ్రీరాములు పేరు మీద ఉండేది, 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. సురవరం "గోలకొండ పత్రిక" నడిపిన సంపాదకుడు. అక్కడ కూడా జర్నలిజం పీజీ ఉన్నది.

కింది వరుస, ఖాయమైనది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో పుట్టింది, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇదే, 1991లో బాబాసాహెబ్ పేరు పెట్టారు. దూరవిద్యలో జర్నలిజం పీజీ, తెలుగులో మీడియా రచనకు పీజీ డిప్లొమా నడిపింది. ఈ ఏడు ఏ కోర్సులు తెరిచారో ప్రకటనలో చూసుకోండి. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో కూడా ఈ కోర్సులు ఉన్నాయి. పని చేసుకుంటూ చదవొచ్చు, హాస్టల్ ఖర్చు లేదు, ఊరు విడిచే పని లేదు. "దూరవిద్యా? అదేం చదువు?" అని ముక్కు విరిచేటోళ్ళను పట్టించుకోకండి. మన తల్లిదండ్రుల్లో ఎందరో బాయి పని చేసుకుంటూ రాత్రిళ్ళు చదివి డిగ్రీలు తెచ్చుకున్నది ఈ యూనివర్సిటీ నుంచే.

ఇవి కాక కొన్ని పెద్ద తెలుగు దినపత్రికలు సొంత జర్నలిజం స్కూళ్ళు నడుపుతాయి. ప్రవేశపరీక్ష పెడతాయి, శిక్షణ కాలంలో నెలకు కొంత భృతి ఇస్తాయి, తర్వాత కొన్నేండ్లు అక్కడే పని చెయ్యాలని ఒప్పందం రాయించుకుంటాయి. పేదింటి బిడ్డకు అది చెడ్డ తోవ కాదు. ఒప్పంద కాగితం మాత్రం సంతకానికి ముందు పూర్తిగా చదవాలె, చదివినోళ్ళకు చూపించాలె.

తేదీల సంగతి. ఇటీవలి ఏండ్లలో సీయూఈటీ పీజీ దరఖాస్తులు డిసెంబరు, జనవరిలో, పరీక్ష మార్చిలో వస్తున్నాయి. డిగ్రీ దోస్త్ మే, జూన్‌లో మొదలైతది. సీపీగెట్ ఎండాకాలం దాటినంక వస్తది. అంటే డిగ్రీ ఆఖరి ఏడాది దసరా పండుగ నాటికే మూడు వరుసల కాగితం ఇంట్ల గోడకు అంటించి ఉండాలె.

పైసల లెక్క

ఇక్కడ ఇండ్లు రెండు రకాలు. ఒకటి పర్మనెంట్ కార్మికుని ఇల్లు. ఇంకోటి కాంట్రాక్టు కార్మికుని ఇల్లు, భూమి పోయిన పల్లె ఇల్లు. రెండిటి లెక్క వేరు.

ఎస్సీ పిల్లల స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి ఏడాదికి రెండు, రెండున్నర లక్షల దగ్గర ఉన్నది. పర్మనెంట్ కార్మికుని జీతం దానికి ఎక్కువే ఉంటది. ఆయన బిడ్డకు ఫీజు వాపస్ రాదు. సీటులో రిజర్వేషన్ ఉంటది, డబ్బులో సాయం ఉండదు. జీతం బాగున్నదని అనుకుంటారు గని, ఇంటి లోను, అప్పుల కోతలు పోను చేతికొచ్చేది చూసి కాలేజీ ఎంచాలె. కాంట్రాక్టు కార్మికుని బిడ్డకు ఈ-పాస్‌లో దరఖాస్తు చేస్తే ఫీజు, మెస్ ఖర్చు వచ్చే అర్హత ఉన్నది. కానీ ఆ డబ్బు ఎప్పుడొస్తదో దేవునికి ఎరుక. బకాయిలు ఇయ్యలేదని 2024 అక్టోబరులో రాష్ట్రంలో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు బందు పెట్టాయి. 2025లో కూడా కాలేజీల బందు జరిగింది. సర్కారు ఇయ్యని డబ్బుకు నలిగేది విద్యార్థి. "మీ స్కాలర్‌షిప్ రాలేదు, నువ్వే కట్టి సర్టిఫికెట్ తీసుకపో" అంటారు.

కాబట్టి ఏ కాలేజీకి పోయినా చేరే ముందే ఈ ప్రశ్నలు అడగండి. స్కాలర్‌షిప్ రాకముందే ఫీజు మొత్తం కట్టమంటారా? స్పెషల్ ఫీజు, స్టూడియో ఫీజు, పరీక్ష ఫీజు వేరే ఎంత? హాస్టల్ సీటు చేరిన రోజే ఇస్తారా, నెలలు ఆగాలా? ఆ నెలలు బయట గది అద్దె ఎంత? కెమెరా, కంప్యూటర్ కాలేజీల దొరుకుతాయా, సొంతానికి కొనమంటారా? మధ్యల మానేస్తే ఎంత వాపస్ ఇస్తారు? జవాబు నోటిమాటగా వద్దు, రాతలో అడగండి. అసలు సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. చూసి వాపస్ ఇయ్యాలె, జిరాక్స్ కాపీలు ఉంచుకోవాలె. ఈ మాట తెలిసినోళ్ళను తొందరగా మోసం చెయ్యలేరు.

సర్దార్ పైకప్పు తట్టినట్టు కాలేజీని తట్టి చూడాలె. ఈ ప్రశ్నలకు గట్టి జవాబు వస్తే చేరండి. "తర్వాత చూద్దాం, మీరు ముందు చేరండి" అంటే అది డొల్ల శబ్దం.

మనిషి క్షేమం

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. అంతకు ముందే ఆయన ఫెలోషిప్ డబ్బులు ఆగిపోయాయి. ఆయనను, మరో నలుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్ళగొట్టారు. క్యాంపస్ లోపలే వాళ్ళు గుడారం వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. చదువులో ముందున్న బిడ్డకు, పెద్ద యూనివర్సిటీలో, మన రాజధానిలో ఇది జరిగింది.

అందుకని ఆ యూనివర్సిటీకి పోవద్దని మేం అనం. పోవాలె, ఇంకా ఎక్కువ మంది పోవాలె. ఒంటరిగా పోవద్దంటున్నాం. పోయే ముందు అక్కడ చదివే మన సీనియర్లు ఎవరు, అంబేద్కర్ విద్యార్థి సంఘం ఉన్నదా, ఎస్సీ ఎస్టీ సెల్ తలుపు తెరిచే ఉంటదా, తాళమే ఉంటదా అని కనుక్కోవాలె. కులవివక్ష జరిగితే ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఉండాలని యూజీసీ 2012లో నియమాలు తెచ్చింది. అవి కాగితం మీద ఉన్నాయా, మనుషులు ఉన్నారా అన్నది చూడాలె. ఆడపిల్లలకైతే హాస్టల్ నుంచి క్లాసుకు దారి, రాత్రి ప్రాక్టికల్ తర్వాత తిరిగొచ్చే బండి, లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ, ఇవన్నీ అడగాలె. అడిగితే సీటు ఇయ్యరేమోనని భయపడకండి. సీటు ర్యాంకుతో వస్తది, వాళ్ళ దయతో కాదు.

అమ్మలకు, నాయనలకు ఒక మాట. బిడ్డ ఫోన్ చేసి "ఇక్కడ ఉండలేకపోతున్న" అంటే "ఇంత ఖర్చు పెట్టినం, ఓర్చుకో" అని తిట్టకండి. "ఇంటికి రా బిడ్డా, ఇంకో కాలేజీ ఉన్నది" అనండి. ఆ మాట అనగలగాలంటే ఇంకో కాలేజీ నిజంగా ఉండాలె గదా. ఖాయమైన కాలేజీ ముందే పెట్టుకొమ్మని ఇంతసేపు మొత్తుకుంటున్నది అందుకే. అది సీటు కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

సంఘం చెయ్యవలసిన పని

ఇదంతా ఒక్క ఇంటి మీద వదిలేస్తే కాదు. కార్యకర్తలకు మేం నాలుగు పనులు చెప్తున్నాం.

కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు ఏప్రిల్ నెలలోనే ప్రతి వాడలో తీయించండి. జూన్‌లో మీసేవ ముందు వరుసలు చూసినం గదా, ఒక్క కాగితం లేక సీటు పోయినోళ్ళను చూసినం.

హైదరాబాద్, వరంగల్, ఢిల్లీల్లో చదువుతున్న మన ప్రాంతపు పిల్లల పేర్లు ఒక నోటుబుక్‌లో రాసి పెట్టండి. కొత్తగా పోయే బిడ్డకు మొదటి వారం తలదాచుకునే చోటు వాళ్ళు చూపించాలె.

జీతం రోజు ప్రతి పర్మనెంట్ కార్మికుడు తనకు తోచినంత ఒక నిధిలో వెయ్యాలె. అది ఫీజుల కోసం కాదు, అంత డబ్బు మన దగ్గర లేదు. దరఖాస్తు రుసుములు, పరీక్షకు పోయే రైలు టికెట్టు, స్కాలర్‌షిప్ వచ్చేదాకా చేబదులు, వీటి కోసం. ఒక బిడ్డకు వచ్చినంక వాపస్ వేస్తే ఇంకో బిడ్డకు పనికొస్తది. లెక్కలు నెలనెలా బోర్డు మీద రాయాలె.

నాలుగోది పిల్లల పని. సీటు వచ్చేదాకా ఆగొద్దు, ఇప్పుడే రాయండి. బస్తీలో గోడపత్రిక పెట్టండి. నల్లా నీళ్ళు ఎన్ని రోజులకు ఒకసారి వస్తున్నాయి, బ్లాస్టింగ్ ఏ టైముకు జరుగుతున్నది, కాంట్రాక్టు కార్మికులకు ఎన్ని రోజుల పని దొరికింది, లెక్కలతో రాయండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం నేర్చుకోండి. సింగరేణిలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అది ప్రజల కంపెనీ, ప్రజలు అడిగితే జవాబు చెప్పాలె. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో "ఖబర్ లహరియా" అనే పత్రిక మొదలైంది. నడిపింది ఎక్కువగా దళిత ఆడవాళ్ళు, పల్లె ఆడవాళ్ళు. పెద్ద కాలేజీల నుంచి వచ్చినోళ్ళు కాదు. వాళ్ళ మీద తీసిన సినిమా 2022లో ఆస్కార్ పోటీ దాకా పోయింది. ఐఐఎంసీలో చదివిన మీనా కోత్వాల్ అనే దళిత మహిళ 2021లో బాబాసాహెబ్ పత్రిక పేరే పెట్టి "ది మూక్‌నాయక్" వార్తాసంస్థ మొదలుపెట్టింది. ఒకరు పెద్ద కాలేజీ తోవల వచ్చారు, ఒకరు ఏ కాలేజీ లేని తోవల వచ్చారు. రెండు తోవలూ మన జనం దగ్గరికే వచ్చాయి.

కాబట్టి తమ్ములారా, చెల్లెండ్లారా! పెద్ద కాలేజీ దొరికితే గర్వపడండి, కానీ దాని కోసం ఇల్లు అమ్మకండి. ఖాయమైన కాలేజీలో చేరవలసి వస్తే సిగ్గుపడకండి. వార్త చదివేటోడు రాసినోని కాలేజీ పేరు అడగడు. నిజమా కాదా అని అడుగుతడు.

రేపటి నుంచే పని మొదలుపెట్టండి. జర్నలిజం చదవాలనుకునే పిల్లలు ఈ సభ అయిపోగానే ఇటు పక్కకు రండి. ఒక్కొక్కరం తెల్ల కాగితం తీసుకొని మూడు వరుసలు గీద్దాం. కింది వరుస ముందు నింపుదాం.

జై భీం!